రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’ అని వచ్చిందా? ఏం చేయాలి, ఏం చేయకూడదు

“ఎక్స్‌రేలో కాల్షియం పేరుకుందని రాశారండీ. పాలు మానేయమంటారా?”

బెంగళూరులో ఫిజియోథెరపీ చేస్తున్న నన్ను తెలుగువాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. అనంతపురం, మదనపల్లె వైపు నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు అడుగుతారు, మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లూ అడుగుతారు. అడగకుండానే పాలు, పెరుగు, రాగి సంగటి అన్నీ మానేసి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు. నాకు బాధ కలిగించేది ఇదే. ఎక్స్‌రేలో కనిపించిన మచ్చ అలాగే ఉంటుంది, ఎముకలు మాత్రం బలహీనపడతాయి.

కాబట్టి ముందే చెబుతున్నాను: మానేయకండి. తినే కాల్షియం తగ్గితే శరీరం తన అవసరానికి ఎముకల్లోంచి లాక్కుంటుంది. భుజంలోనో చర్మం కిందో పేరుకున్నదాన్ని కరిగించి వాడుకోదు.

సిద్ధాంతం ఎంత అవసరమో అంతే చెప్తాను. మన ఒంట్లో కాల్షియం 99 శాతం ఎముకల్లో, పళ్లల్లో ఉంటుంది. అది కండరం, టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే తాడు), చర్మం, రక్తనాళం లాంటి మెత్తటి చోట్ల చేరడాన్నే రిపోర్టులో ‘కాల్సిఫికేషన్’ అంటారు. అందుకు ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి, అక్కడి కణజాలం దెబ్బతిని ఉండటం. అప్పుడు రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది. రెండోది, రక్తంలోనే కాల్షియం గానీ ఫాస్ఫరస్ గానీ పెరిగిపోయి, బాగున్న కణజాలంలో కూడా చేరడం. మీది వీటిలో ఏదో తేలితేనే తర్వాత ఏం చేయాలో తెలుస్తుంది.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఎక్స్‌రే, స్కాన్ ఫిల్ములు లేదా సీడీ. రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు.
- పాతవి ఏమైనా ఉంటే అవి కూడా. పదేళ్ల కిందటిదైనా సరే, ఊళ్లో బీరువాలో ఉన్నా సరే, ఫోటో తీసి పంపమనండి.
- ఈ మధ్య చేయించిన రక్తపరీక్షల కాగితాలు.
- వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో. ఆయుర్వేదం, సిద్ధ, పొడులు, టానిక్కులు అన్నీ.
- ఆ చోట ఎప్పుడైనా దెబ్బ తగిలిందా, ఆపరేషన్ అయిందా, ఇంజక్షన్లు పడ్డాయా అన్నది రాసిన చిన్న కాగితం.

1. రిపోర్టులో ఎక్కడుందో చూడండి

‘కాల్సిఫికేషన్’ అన్న మాట దగ్గరే ఆగిపోవద్దు. దాని పక్కన శరీరంలో ఏ భాగం పేరు రాశారో చూడండి. ఒకే మాటకు చోటును బట్టి అర్థం మారిపోతుంది.

మెదడు సీటీలో పీనియల్ గ్రంథి దగ్గర, కోరాయిడ్ ప్లెక్సస్ దగ్గర అని రాసి ఉంటే వయసుతో పాటు చాలామందిలో కనిపించేదే, కంగారు అక్కర్లేదు. ఊపిరితిత్తిలో ‘కాల్సిఫైడ్ గ్రాన్యులోమా’ అంటే చాలావరకు ఎప్పుడో వచ్చి మానిపోయిన ఇన్ఫెక్షన్ గుర్తు. మన దేశంలో అది తరచు టీబీయే అయి ఉంటుంది. పొత్తికడుపు కింద ‘ఫ్లీబోలిత్’ అని ఉంటే సిరల్లోని చిన్న గుండ్లు, వాటిని మూత్రంలో రాయి అనుకొని మందులు మింగేవాళ్లున్నారు. పిరుదుల్లో పాత ఇంజక్షన్ పడిన చోట కూడా తెల్లటి మచ్చలు కనిపిస్తాయి.

మన పెద్దవాళ్ల విషయంలో ఇంకొకటి ఉంది. దిగుడుబావి నీళ్లు తాగిన కాలంలో నారి కురుపు వచ్చినవాళ్ల కాళ్లలో, చచ్చిపోయిన పురుగు చుట్టూ కాల్షియం పేరుకొని ఎక్స్‌రేలో మెలికల తాడులా కనిపించవచ్చు. మన దేశంలో చివరి కేసు 1996లో వచ్చింది, 2000లో జబ్బు పోయినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అందుకే చిన్న వయసు డాక్టర్లు చాలామంది దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. “నాయనకు చిన్నప్పుడు నారి కురుపు వచ్చింది” అని మీరు ఒక్క ముక్క చెబితే బోలెడు పరీక్షలు తప్పవచ్చు.

కండరాల్లో బియ్యపు గింజల ఆకారంలో చాలా మచ్చలుంటే మాత్రం అది టేప్‌వార్మ్ అనే పేగు పురుగు లార్వాల (పిల్ల పురుగుల) వల్ల కావచ్చు. అలాంటివాళ్లకు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే న్యూరాలజిస్టును కలవాలి.

2. మందుల సంచి విప్పండి

ఈ అడుగు దాటేసేవాళ్లే ఎక్కువ. పాల గ్లాసును అనుమానిస్తారు గానీ మాత్రల స్ట్రిప్పును అనుమానించరు. 200 మిల్లీలీటర్ల ఆవుపాలల్లో కాల్షియం సుమారు 240 మిల్లీగ్రాములు. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. పాలు, పెరుగు, సంగటితో ఆ లెక్క చేరడమే చాలామందికి కష్టం. అసలు ప్రమాదం వేరే చోట ఉంది:

- విటమిన్ డి 60,000 యూనిట్లు. సాధారణంగా వారానికొకటి చొప్పున కొన్ని వారాలకే రాస్తారు. దాన్ని రోజూ వేసుకునేవాళ్లు, కోర్సు అయ్యాక కూడా మెడికల్ షాపులో అడిగి నెలల తరబడి కొనసాగించేవాళ్లు ఉన్నారు. రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పెరగడానికి ఇది నిజమైన కారణం.
- కాల్షియం మాత్రలు రెండు మూడు పేర్లతో. ఎముకల డాక్టర్ రాసింది ఒకటి, గైనకాలజిస్టు రాసింది ఇంకొకటి, కోడలు ఆన్‌లైన్‌లో తెప్పించింది మరొకటి.
- గ్యాస్‌కు చప్పరించే మాత్రలు. వాటిలో కొన్ని అచ్చంగా కాల్షియం కార్బొనేటే.
- శంఖ భస్మం, ప్రవాళ భస్మం, ముత్యపు భస్మం. ఇవి కూడా ప్రధానంగా కాల్షియమే. లెక్కలో కలపండి.
- తాంబూలంలో సున్నం. రోజంతా నమిలే అలవాటుంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

డాక్టరు రాసిన మందును మీ అంతట మీరు ఆపొద్దు. జాబితా రాసి చూపించండి. థైరాయిడ్ ఆపరేషన్ అయినవాళ్లు, కిడ్నీ రోగులు కాల్షియం మాత్ర హఠాత్తుగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

3. రక్తపరీక్షలు: ఏవి, ఎలా చదవాలి

భుజంలో ఒక్కచోటే చిన్న మచ్చ ఉండి మనిషి ఆరోగ్యంగా ఉంటే అన్ని పరీక్షలూ అక్కర్లేదు. ఒకటికి మించి చోట్ల ఉన్నా, చర్మం కింద గడ్డలున్నా, కిడ్నీ జబ్బు ఉన్నా డాక్టరు సాధారణంగా ఇవి రాస్తారు: కాల్షియం, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్), ఫాస్ఫరస్, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), విటమిన్ డి, పీటీహెచ్. పీటీహెచ్ అంటే మెడలోని పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోన్, కాల్షియాన్ని అదుపులో పెట్టేది అదే.

పెద్దవాళ్లలో కాల్షియం దాదాపు 8.5 నుంచి 10.5 మధ్య, ఫాస్ఫరస్ 2.5 నుంచి 4.5 మధ్య ఉంటే మామూలు. ఇవి ఒక డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. ల్యాబును బట్టి హద్దులు కాస్త మారతాయి, మీ కాగితం మీదున్నవే చూసుకోండి.

ఎక్కువమంది పొరపడేది ఇక్కడ. కాల్షియంలో కొంత భాగం అల్బుమిన్‌కు అతుక్కుని ఉంటుంది. అల్బుమిన్ తక్కువగా ఉన్న మనిషిలో కాల్షియం కూడా తక్కువగా కనిపిస్తుంది. అందుకే ఈ లెక్క చేయాలి: 4లోంచి మీ అల్బుమిన్ తీసేయండి, వచ్చినదాన్ని 0.8తో గుణించండి, దాన్ని మీ కాల్షియానికి కలపండి. ఉదాహరణకు కాల్షియం 10.1, అల్బుమిన్ 2.5 అనుకుందాం. 4లోంచి 2.5 పోతే 1.5. దాన్ని 0.8తో గుణిస్తే 1.2. మొత్తం 11.3. కాగితం మీద మామూలుగా కనిపించినది నిజానికి ఎక్కువే. ఇది అంచనా మాత్రమే. అనుమానం ఉంటే, దేనికీ అతుక్కోకుండా ఉన్న కాల్షియాన్ని నేరుగా కొలిచే ‘అయొనైజ్డ్ కాల్షియం’ పరీక్ష చేయిస్తారు.

జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకుంటున్నారా? పీటీహెచ్, విటమిన్ డి ఫలితాలు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చే ముందే ఎన్ని రోజులు ఆపాలో ల్యాబులో అడగండి.

ఇంకో మాట. రక్తంలో కాల్షియం తక్కువగా ఉండి కూడా మెదడులో పేరుకునే జబ్బు ఉంది. పారాథైరాయిడ్ గ్రంథులు సరిగా పనిచేయనివాళ్లలో అది జరుగుతుంది. ఫిల్ము మీద కాల్షియం కనిపించింది కాబట్టి ఒంట్లో కాల్షియం ఎక్కువైందని అనుకోకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

4. సరైన డాక్టరును ఎంచుకోండి

భుజం, మోచేయి, మడమ అయితే ఎముకల డాక్టరు. చర్మం కింద సున్నపు గడ్డలైతే రుమటాలజిస్టు (కీళ్లవాతం లాంటి జబ్బుల డాక్టరు). రక్తంలో కాల్షియం ఎక్కువైతే ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు). కిడ్నీ జబ్బు ఉంటే ఏ చోటైనా ముందు నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు). బెంగళూరులో ప్రభుత్వ వైద్యం కావాలంటే ఎముకలకు జయనగర వైపు సంజయ్ గాంధీ ఆసుపత్రి, గుండెకు జయదేవ, మెదడుకు నిమ్హాన్స్, కిడ్నీకి విక్టోరియా ఆవరణలోని నెఫ్రో యూరాలజీ సంస్థ ఉన్నాయి. ఓపీకి పొద్దున్నే వెళ్లండి, పాత కాగితాలు తేదీల వరసలో పెట్టుకోండి.

రొమ్ము మామోగ్రామ్‌లో అయితే కాగితం మీద ‘బైరాడ్స్’ (BI-RADS) అంకె చూడండి, అనుమానం ఎంత ఉందో చెప్పే గ్రేడు అది. 2 అంటే హాని లేనిది. 3 అంటే సాధారణంగా ఆరు నెలలకు మళ్లీ చూస్తారు. 4 గానీ 5 గానీ అయితే బయాప్సీ ఆలస్యం చేయొద్దు. 0 అంటే ఏమీ లేదని కాదు, ఇంకా ఫిల్ములు కావాలని. ఆ సున్నా చూసి ఇంటికెళ్లిపోయినవాళ్లున్నారు, దయచేసి అలా చేయకండి. గుండె సీటీలో కాల్షియం స్కోరు వస్తే అది కరిగించాల్సిన సంఖ్య కాదు. బీపీ, కొలెస్ట్రాల్, షుగర్, పొగతాగడం ఈ నాలుగింటినీ ఎంత గట్టిగా పట్టించుకోవాలో చెప్పే సంఖ్య.

5. భుజం అయితే: ఇంట్లో చేసుకోగలిగింది

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇదే. 30 నుంచి 60 ఏళ్ల మధ్యవాళ్లు, ఆడవాళ్లు కాస్త ఎక్కువ. చేయి పక్కకు ఎత్తే కండరపు టెండాన్‌లో కాల్షియం చేరుతుంది. నెలల తరబడి ఊరికే ఉండి, ఒక రాత్రి హఠాత్తుగా చేయి కదపలేనంత నొప్పి వస్తుంది. గుండెపోటేమోనని పరుగెత్తేవాళ్లున్నారు. పరుగెత్తడంలో తప్పు లేదు. ఛాతీలో బరువు, చెమటలు, ఆయాసం ఉంటే ముందు ఈసీజీ తీయించుకోండి, భుజం సంగతి తర్వాత చూద్దాం.

విచిత్రం ఏమిటంటే, బాగా నొప్పి పుట్టే దశ తరచు ఆ కాల్షియం కరగడం మొదలైన దశే. ఎక్స్‌రేలో మచ్చ అంచులు గీత గీసినట్టు స్పష్టంగా ఉంటే అది కుదురుగా ఉన్నట్టు. మబ్బులా మసకగా ఉంటే కరుగుతున్నట్టు.

మొదటి రెండు మూడు రోజులు: గుడ్డలో చుట్టిన ఐస్ పది పదిహేను నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినవే. కిడ్నీ జబ్బు, అల్సర్, బీపీ ఉన్నవాళ్లకు మామూలు నొప్పి మాత్రలు చేటు చేస్తాయి. చేతికి స్లింగ్ వేసుకోవచ్చు గానీ వారాల తరబడి వద్దు, భుజం బిగుసుకుపోతుంది.

నొప్పి కాస్త దిగాక:

- బాగున్న చేతిని టేబుల్ మీద ఆనించి ముందుకు వంగండి. నొప్పి ఉన్న చేతిని వేలాడదీసి, ఒంటి కదలికతోనే చిన్నగా గుండ్రంగా తిరగనివ్వండి. భుజంతో బలం పెట్టొద్దు. ఒక నిమిషం, రోజుకు మూడుసార్లు.
- గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో మెల్లగా పైకి పాకించండి. నొప్పి మొదలైన చోట ఆగి, ఐదు అంకెలు లెక్కపెట్టి దిగండి.
- ఆ చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. వారానికొకసారి కొత్త గీత.

బరువులెత్తడం, రబ్బరు బ్యాండు లాగడం తర్వాతి సంగతి, ఫిజియోథెరపిస్టు చూశాకే. వ్యాయామం తర్వాత కాస్త నొప్పి ఉండటం సహజం. మర్నాటి పొద్దుటికి ఇంకా పెరిగి ఉంటే ఎక్కువ చేశారన్నమాట, సగానికి తగ్గించండి.

చాలామందికి ఇంతటితో తగ్గుతుంది. నెలలు గడిచినా తగ్గకపోతే మూడు దారులున్నాయి. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో సెలైన్ పంపి కాల్షియాన్ని కడిగి లాగడం ఒకటి. షాక్‌వేవ్, అంటే బయటి నుంచి ధ్వని తరంగాలు పంపడం, రెండోది. కీహోల్ ఆపరేషన్ చివరిది. సూదితో కడిగాక కొద్దిరోజులు నొప్పి పెరగవచ్చు, దాన్ని చూసి వికటించిందనుకోవద్దు. కానీ జ్వరం, ఎర్రదనం వస్తే అదే రోజు చూపించండి. భుజంలో స్టెరాయిడ్ ఇంజక్షన్ కూడా ఇస్తే, షుగర్ ఉన్నవాళ్లు ఆ తర్వాత కొన్నిరోజులు షుగర్ పెరుగుతుందని గుర్తుంచుకొని ఇంట్లో చూసుకుంటూ ఉండండి.

6. దెబ్బ తగిలిన చోట మర్దన చేయించకండి

మోచేయి విరిగినా, కీలు తప్పినా, తొడ కండరానికి గట్టి దెబ్బ తగిలినా ఈ మాట వర్తిస్తుంది. పుత్తూరు కట్టు మీద మనవాళ్లకు నమ్మకం ఎక్కువ, అది నాకూ తెలుసు. కట్టు ఎక్కడ కట్టించుకున్నా సరే, విప్పాక చేయి చాచలేకపోతున్నారని నూనె రాసి బలవంతంగా లాగడం, తొక్కడం మాత్రం చేయనివ్వకండి. దెబ్బతిన్న కండరంలో అలా చేస్తే అక్కడ కాల్షియం చేరి, ఆ తర్వాత నిజంగానే ఎముకగా మారవచ్చు. పిల్లల మోచేతుల విషయంలో మరీ జాగ్రత్త. చేయి ఎప్పటికీ పూర్తిగా చాచలేని స్థితి రావచ్చు.

గుర్తుపట్టేది ఇలా: దెబ్బ తగిలిన రెండు మూడు వారాలకు నొప్పి తగ్గాల్సింది పోయి పెరుగుతుంది, ఆ చోట గట్టి ఉండ తగులుతుంది, వెచ్చగా ఉంటుంది, కదలిక రోజురోజుకూ తగ్గుతుంది. మొదటి వారంలో తీసిన ఎక్స్‌రేలో ఇది కనిపించదు. మూడు నాలుగు వారాలకు మళ్లీ తీయించాలి. ఈలోగా మనిషి తనంతట తాను కదిపినంతే కదపాలి, ఇంకొకరు వంచకూడదు. ఆపరేషన్ అవసరమైనా ఆ ఎముక పూర్తిగా ముదిరే దాకా నెలలు ఆగుతారు. తొందరపెట్టి తీయిస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ.

7. చర్మం కింద తెల్లటి గట్టి గడ్డలు

వేళ్ల చివర, మోచేతుల దగ్గర సున్నపు ముక్కల్లాంటివి, కొన్నిసార్లు పగిలి తెల్లటి ముద్ద కారడం. వీటితో పాటు డిసెంబర్, జనవరి చలికి బెంగళూరు పొద్దుల్లో వేళ్లు తెల్లబడి, నీలంగా మారి, వెచ్చబడ్డాక ఎర్రబడుతున్నాయా? స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడిపోయే జబ్బు) లాంటిది కావచ్చు. పిల్లల్లో కనురెప్పల మీద, వేలి కణుపుల మీద ఎర్రటి దద్దులు, మెట్లెక్కలేకపోవడం ఉంటే కండరాల జబ్బు కావచ్చు. ఈ రెండింటికీ రుమటాలజిస్టే.

పిన్నుతో గుచ్చి పిండకండి, ఇన్ఫెక్షన్ వస్తుంది. చేతులు వెచ్చగా ఉంచండి, చల్లనీళ్లతో గిన్నెలు తోమొద్దు, పొగతాగడం పూర్తిగా మానండి.

8. డయాలిసిస్‌లో ఉన్నవాళ్లకు

ఇక్కడ అసలు శత్రువు తరచు ఫాస్ఫరస్. కిడ్నీ బయటికి పంపలేకపోతే అది కాల్షియంతో కలిసి కీళ్ల చుట్టూ, రక్తనాళాల్లో చేరుతుంది.

ఫాస్ఫరస్‌ను పట్టుకునే మాత్రలు సెవెలమెర్, కాల్షియం అసిటేట్ లాంటివి. వీటిని అన్నంతో పాటే వేసుకోవాలి. ఎక్కువగా జరిగే తప్పు ఇదే: పొద్దున అన్ని మాత్రలతో కలిపి ఖాళీ కడుపున మింగేయడం. తిండిలోని ఫాస్ఫరస్‌ను పట్టుకోవడం వాటి పని, తిండి లేకపోతే ఆ పని జరగదు. మాత్రను కంచం పక్కనే పెట్టుకోండి. పెళ్లికెళ్తే జేబులో పెట్టుకోండి.

నల్లటి కూల్‌డ్రింకులు, ప్రాసెస్ చేసిన మాంసం, ప్యాకెట్ తిండ్లు మానండి. వాటిలో కలిపే ఫాస్ఫేటు పప్పుల్లో ఉన్నదానికంటే చాలా తేలిగ్గా ఒంటికి పడుతుంది. పాలు, పెరుగు, రాగి మాత్రం మీ విషయంలో వేరే లెక్క. ఎంత తినాలో మీ డైటీషియన్ చెప్పినట్టే చేయండి. పైన అందరికీ చెప్పిన ‘మానేయకండి’ మీకు వర్తించదు. డయాలిసిస్ ఒక్కటి కూడా తప్పించొద్దు, పండక్కి ఊరెళ్లినా అక్కడ ముందే ఏర్పాటు చేసుకోండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గుర్తు: పొట్ట, తొడల మీద వల అల్లినట్టు ఊదారంగు మచ్చలు, ముట్టుకుంటే ప్రాణం పోయేంత నొప్పి, నల్లబడే పుళ్లు. ఇది అరుదు, కానీ చాలా ప్రమాదకరం. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్ వాడుతుంటే ఆ సంగతి మొదటి మాటగా చెప్పండి. మీ అంతట మీరు ఆపొద్దు.

బోరు నీళ్లు, నిమ్మరసం

“మా అపార్ట్‌మెంట్లో బోరు నీళ్లండీ, గీజర్‌లో తెల్లగా పేరుకుంటోంది, ఒంట్లోనూ అంతేనా?” కాదు. గీజర్‌లో నీళ్లు కాగి లవణం అడుగున మిగులుతుంది. ఒంట్లో కాల్షియం మోతాదును హార్మోన్లు, కిడ్నీలు నిమిష నిమిషానికీ సరిచేస్తుంటాయి. ఆర్వో మిషన్ కొనుక్కోండి, రుచి కోసం. భుజం కోసం మాత్రం వద్దు.

నిమ్మరసం, వెనిగర్ తాగితే టెండాన్‌లో కాల్షియం కరగదు. వెనిగర్ పట్టీలు వేసి చర్మం కాల్చుకున్నవాళ్లున్నారు.

9. తగ్గుతోందో లేదో ఎలా తెలుస్తుంది

భుజానికి గోడ మీది గీతలే మంచి కొలత. దాంతోపాటు మూడు ప్రశ్నలు: రాత్రి ఆ పక్కకు తిరిగి పడుకోగలుగుతున్నారా, తల దువ్వుకోగలుగుతున్నారా, వెనక్కి చేయి పోతోందా? మచ్చ అలాగే ఉండి నొప్పి పూర్తిగా పోయినవాళ్లు చాలామంది. వాళ్లకు వైద్యం అయిపోయినట్టే. ఫిల్ము మీద మచ్చ పోలేదని మళ్లీ ఆసుపత్రి చుట్టూ తిరగనక్కర్లేదు. నెలనెలా ఎక్స్‌రే వద్దు. డాక్టరు వేరేగా చెబితే తప్ప మూడు నెలల లోపు తీయించనక్కర్లేదు.

రక్తపరీక్షలు మళ్లీ చేయించేటప్పుడు వీలైతే అదే ల్యాబులో చేయించండి. విటమిన్ డి మోతాదు ఎక్కువై కాల్షియం పెరిగినవాళ్లకు మాత్ర ఆపినా వెంటనే దిగదు. విటమిన్ డి కొవ్వులో నిల్వ ఉంటుంది, వారాలు పడుతుంది. ఈలోగా విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, వాంతులు, మలబద్ధకం, మనిషి మత్తుగా అయోమయంగా మాట్లాడటం కనిపిస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

అమ్మానాన్నలు ఊరికి తిరిగి వెళ్తుంటే ఫిల్ములు, సీడీ వాళ్లతోనే పంపి, వాటి ఫోటోలు మీ ఫోన్లో ఉంచుకోండి. అక్కడ ఎక్స్‌రే తీయించాల్సి వస్తే పాతది చూపించి, అదే భంగిమలో తీయమని అడగమనండి. చేయి తిప్పి ఉంచిన తీరు మారితే మచ్చ పెద్దదైనట్టో చిన్నదైనట్టో కనిపిస్తుంది, లేనిపోని టెన్షన్.